ఆగగలిగేవాళ్ల వరుస

జూలై 3

పిచ్చుకా,

మీ అత్త చెబుతోంది, పక్కింటి టైలరమ్మ రాస్తోంది. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. ఫోను చేస్తే ఎత్తవు. ఎన్నిసార్లు చేశానో నీ ఫోనునే అడుగు, చెబుతుంది. అందుకే కాగితం మీదకి దిగాను. కాగితాన్ని కట్ చెయ్యలేవుగా!

నీ క్షేమం తర్వాత అడుగుతాను. ముందు నా గోడు విను. కాదు, టైలరమ్మా, గోడు అని రాయకు, నేనేమీ ఏడవడం లేదు. నా తగువు విను అని రాయి. (చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు కాబట్టి అంతా రాస్తున్నాను. – టైలరు)

నేను బాతుగుడ్లు పొదిగించే పెట్టెలు నీకు గుర్తుండే ఉంటాయి. చిన్నప్పుడు వాటి అద్దానికి ముక్కు ఆనించి, అన్నానికి పిలిచినా వచ్చేదానివి కాదు. ఈ ఏడాది వాటికి ఒక సిమ్ము డబ్బా పెట్టించాను. అరచేతిలో ఇమిడిపోతుంది. పెట్టెలో వేడి తగ్గితే ఆ డబ్బా టవరుకి చెబుతుంది, టవరు నా ఫోనుకి చెబుతుంది, ఫోను గుక్కపట్టి ఏడుస్తుంది, నేను పరుగెత్తుకొస్తాను. ఏర్పాటు అదీ.

ఎందుకు పెట్టించానంటావా? మీ బావ వల్ల. నాకు చూపు మసకేసింది. పెట్టె మీద వేడి చూపే ముల్లు ఎక్కడుందో కనపడదు. "కళ్లు కనపడకుండా ఒక్కదానివి వీటితో ఏం వేగుతావమ్మా, అమ్మేసి పైకొచ్చి కూర్చో" అని పట్టుబట్టాడు నా కొడుకు. పైన అంటే మేడ మీద. పైకి వెళ్లి కూర్చుని ఏం చెయ్యను, వాడి బస్సు డ్రైవరు చొక్కాలు ఎండుతుంటే చూడనా? చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. డబ్బా ఉన్నంతకాలం పెట్టెలు ఉంటాయి. డబ్బా పని తప్పి ఒక్క విడత గుడ్లు పాడైనా పెట్టెలు అమ్మేస్తాం. మాటిచ్చాను. మాట మీద నిలబడేదాన్నే.

డబ్బా తప్పింది.

సోమవారం కంటి ఆస్పత్రిలో కూర్చున్నాను. ఇంటి దగ్గర కరెంటు పోయి వచ్చిందట. కరెంటైతే వచ్చింది గానీ పెట్టెలో వేడి తీగ రాజుకోలేదు. ఫోను నా ఒళ్లోనే ఉంది, కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి అద్దం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. అప్పుడే నీకు ఫోను చేశాను. ఎత్తలేదు.

ఆ డబ్బా పెట్టిన మెకానిక్కు వచ్చి దాన్ని విప్పి చూశాడు. "ఇది పిలిచింది పెద్దమ్మా, చాలాసార్లు పిలిచింది. టవరే ఆగమంది" అన్నాడు.

"టవరుకి ఆగమని చెప్పడం ఎవరు నేర్పారు?"

"కంపెనీలో కూర్చున్నవాళ్లు. ఏ యంత్రం లోపలికి రావాలో, ఏది బయట నిలబడాలో వాళ్లే పెడతారు."

ఆ కంపెనీ ఎవరిదే? ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరే? మా తమ్ముడి కూతురు కాదూ! నువ్వు జుట్టు కత్తిరించుకున్నప్పుడు నలుగురిలో "దువ్వెన మిగిలింది" అన్నానని ఇంతకాలం మనసులో పెట్టుకున్నావా? ఉంటే నా మొహం మీద తిట్టు. గుడ్లేం చేశాయి?

జవాబు రాయి. రాయకపోతే బస్సెక్కి నీ ఆఫీసుకే వస్తాను. మా వాడి బస్సే.

కోపం దిగని
మీ అత్త


జూలై 6

అత్తా,

ఉత్తరం ఆఫీసుకొచ్చింది. చదువుతుంటే నీ గొంతు వినపడి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

జుట్టు సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను. ఇప్పుడు నువ్వే గుర్తు చేశావు.

ముందుగా, గుడ్లు పోయినందుకు చాలా బాధగా ఉంది. నీకు ఆ పెట్టెలంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. బావతో నేను మాట్లాడతాను. పెట్టెలు అమ్మినా నీకు వేరే కాలక్షేపం ఏదైనా చూద్దాం.

ఇక డబ్బా సంగతి. నేను ఎవరి మీదా కక్షతో ఏదీ ఆపలేదత్తా. నా పని ఇదీ: ఇప్పుడు మనుషులకే కాదు, యంత్రాలకీ సిమ్ములు ఉన్నాయి. కరెంటు మీటర్లు, నీళ్ల మోటార్లు, లిఫ్టులు, నీ డబ్బా. కరెంటు పోయి వచ్చిందనుకో, అన్నీ ఒక్కసారి లేచి టవరుని పిలుస్తాయి. టవరుకి ఒక్కటీ వినపడదు. వినపడలేదని అన్నీ మళ్లీ పిలుస్తాయి. ఆ తొక్కిసలాటలో మనిషి అంబులెన్సుకి ఫోను చేసినా కలవదు. అందుకని కొన్నిటిని గుమ్మం దగ్గరే ఆపుతాం. అన్నిటినీ ఒకే సేపు ఆపితే మళ్లీ అన్నీ ఒకేసారి లేస్తాయి కదా, అందుకే ఒక్కోదాన్ని ఒక్కోలా, తోచినంత సేపు ఆగమంటాం. మీటరు తన లెక్క ఇప్పుడు చెప్పినా, పొద్దుపోయాక చెప్పినా ఒకటే. అలాంటివి ఆగగలిగేవాళ్ల వరుసలో ఉంటాయి.

నీ డబ్బా ఆ వరుసలో ఉంది. చూశాను. మీ మెకానిక్కు దానికి మీటరుకి పెట్టే రకం సిమ్ము పెట్టాడు. అది ప్రాణం ఉన్నవాటిని కాపలా కాస్తోందని మా కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు.

ఇంకో వింత ఉంది. మీ వీధి టవరు కరెంటు ఉన్నప్పుడు కూడా రోజంతా కిటకిటలాడుతోంది. యంత్రాలు ఆపకుండా పిలుస్తూనే ఉన్నాయి. అందుకే అక్కడ గుమ్మం బాగా బిగించాను. ఆ టవరు మీ వీధిదని నాకు తట్టలేదు, మా దగ్గర దానికి పేరుండదు, అంకె ఉంటుంది. ఆ పిలిచేవి ఏమిటో నాకు అంతు పట్టడం లేదు. మీ వీధిలో కొత్తగా ఏదైనా ఫ్యాక్టరీ పెట్టారా?

ఫోను ఎత్తనందుకు క్షమించు. ఆఫీసులో ఉంటాను.

నీ
పిచ్చుక


జూలై 10

పిచ్చుకా,

నా గుడ్లు పోయాయని ఎవరు చెప్పారే నీకు? బతికున్నవాటికి సంతాపం రాస్తావా? టైలరమ్మ ఆ ముక్క చదవగానే నోరు నొక్కుకుంది. నేను చల్లబడ్డాయన్నాను గానీ పోయాయన్నానా? కాలక్షేపమట! నీ ఉద్యోగం పోతే నేనూ నీకు కాలక్షేపం చూసి పెడతాను, కూర్చో.

జరిగింది చెబుతాను. పెట్టె చల్లగా తగిలింది కదా, మెకానిక్కు వచ్చేదాకా ఆగితే లాభం లేదు. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ గది గుర్తొచ్చింది. పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టెలు కాలే గది, అడుగు పెడితే మొహానికి వేడి కొడుతుంది. "ఏమేవ్, నీ బల్ల ఖాళీ చెయ్యి" అని అరిచాను. పాపం, ఎవరిదో పెళ్లి పట్టుచీర పరిచి ఉంది, దాన్ని ఒక్క లాగు లాగేసింది. గుడ్ల తట్టలు ఆ బల్ల మీదకి మోశాం, దుప్పట్లు కప్పాం. మెకానిక్కు తీగ మార్చేదాకా అక్కడే. "నా ఇస్త్రీ గదిని పురిటి గది చేశావు కదమ్మా" అని ఇప్పటికీ సాధిస్తోంది.

బాతుగుడ్డు మొండిది. కాసేపు చలిని ఓర్చుకుంటుంది. దీపానికి అడ్డం పెట్టి టైలరమ్మ చూసింది, నా కళ్లకి ఆనదు కనుక. చాలావాటిలో నరాలు ఎర్రగానే ఉన్నాయంది. కొన్ని కదల్లేదంది. బతికినవెన్నో, పోయినవెన్నో పగిలే రోజే తేలుతుంది. మీ బావ కోప్పడలేదు. "పిల్లలు బయటికి రానీ, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ శాంతం చూస్తే నాకు భయమేస్తోంది.

ఇక ఫ్యాక్టరీ అంటావా? ఫ్యాక్టరీ కాదే, నేను!

డబ్బా పెట్టిన కొత్తలో అది గంటలకొద్దీ నోరు మెదిపేది కాదు. బాగుంది కాబట్టి పలకడం లేదో, చచ్చి పలకడం లేదో ఎవరికి తెలుసు? నేను మెకానిక్కు పీక మీద కూర్చుని, నిమిషానికొకసారి "నేను బాగున్నాను" అని చెప్పేలా చేయించాను. నా ఫోనులో టిక్కుమంటుంది. టిక్కు టిక్కు టిక్కు, ఎంత ధైర్యంగా ఉంటుందో! అది విని మా వీధిలో పొదిగే పెట్టెలున్న ఆడవాళ్లంతా వచ్చారు. "మాకూ అలా పెట్టించు పెద్దమ్మా" అన్నారు. దగ్గరుండి అందరికీ పెట్టించాను. ఇప్పుడు మా వీధిలో నడిస్తే ఇంటింటా టిక్కుటిక్కే. నీ టవరు కిటకిటలాడుతోందంటే మా వీధి చలవే.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ సోమవారం ఆస్పత్రిలో టిక్కు ఆగిపోయింది. నాకు తెలియలేదు. పొద్దుటి నుంచి చెవిలో మోగేది ఆగితే చెవికి ఏం తెలుస్తుంది, అలవాటై పోతుంది.

అయినా నువ్వు చేసింది తప్పే. ఆగగలిగేవాళ్ల వరుసట! నేను ఆగగలిగేదాన్నా? పుట్టి బుద్ధెరిగి ఎవరి కోసమైనా ఆగానా? నన్ను ముందు వరుసలో పెట్టు. నన్నే కాదు, మా వీధినంతటినీ పెట్టు. "మా మేనకోడలు చేస్తుంది, భయపడకండి" అని అందరికీ మాటిచ్చేశాను. ఇప్పుడు కాదన్నావో, వీధిలో తల ఎలా ఎత్తుకోవాలి?

ఆఫీసులో ఉంటానన్నావు. రాత్రి కూడా ఆఫీసేనా?

మీ అత్త


జూలై 13

అత్తా,

నీ ఉత్తరం మా పెద్దాఫీసరుకి చదివి వినిపించాను. మేము ఎక్కడెక్కడో వెతుకుతున్న ఫ్యాక్టరీ నువ్వని తెలిసి ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "మీ అత్తగారిని మా కంపెనీలోకి తీసుకుందామా" అన్నారు. వద్దండి, రెండు రోజుల్లో మీ కుర్చీలో ఉంటుంది అన్నాను.

గుడ్లు బతికున్నాయని చదివి ఎంత ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను.

ఇప్పుడు కాస్త ఓపిగ్గా విను. నీ డబ్బా దారిని అడ్డుకున్నది నేను కాదు, నీ వీధిలో డబ్బాలే. పొద్దస్తమానం "బాగున్నాను, బాగున్నాను" అని ఇన్ని డబ్బాలు అరుస్తుంటే, "బాగాలేను" అని ఒకటి అన్నది ఎవరికి వినపడుతుంది? వీధిని మొత్తం ముందు వరుసలో పెడితే అది ముందు వరుస కాదు, అదే తొక్కిసలాట కొత్త గుమ్మం ముందు.

కాదని మాత్రం అనడం లేదు. ఆయన్ని ఒప్పించాను. ప్రాణులకి కాపలా కాసే డబ్బాలకి వేరే గుమ్మం తెరుస్తాం, కరెంటు వచ్చిన గోలలోనూ అది మూయం. అయితే ఒక షరతు. పొద్దున ఒక్కసారి "ఉన్నాను" అనాలి. తర్వాత వేడి తగ్గితేనే నోరు విప్పాలి. లేకపోతే నోరు మూసుకోవాలి. మెకానిక్కుకి వేరే కాగితం మీద రాశాను, ఏ సిమ్ము వెయ్యాలో, ఎలా మార్చాలో. అందరివీ మారాలి. ఒక్కరు మారకపోయినా మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకొక మాట. ఇది ఎలా రాయాలో తెలియక చాలా కాగితాలు చింపాను.

నువ్వు రోజూ ఫోను చేస్తావు. తిన్నావా, పడుకున్నావా, వాన పడుతోందా. నాకిష్టమే. కానీ పనిలో ఉన్నప్పుడు నీ పేరు కనపడితే, అదే అయ్యుంటుందిలే, తర్వాత చేద్దాం అనుకుంటాను. ఆ సోమవారం కూడా అలాగే అనుకున్నాను. నువ్వు చల్లబడ్డ పెట్టె ముందు నిలబడి పిలుస్తున్నావు, నేను ఫోను బోర్లా పెట్టాను. నీ పిలుపుల్లో ఏది ఏదో నాకు తెలియలేదత్తా.

నీ
పిచ్చుక


జూలై 20

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివించుకుని అలిగాను. నోరు మూసుకోమని డబ్బాకి రాశావో నాకు రాశావో అర్థం కాలేదు. టైలరమ్మ రెండోసారి చదివింది. రెండూ అన్నావని తేలింది. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మీ బావ భయపడి కిందికి దిగొచ్చి ఒంటి మీద చెయ్యి వేసి చూశాడు.

తర్వాత లేచి వీధిలోకి వెళ్లాను. ఇంటింటికీ నేనే పెట్టించాను, నేనే తీయించాలి. ఎంత మాట పడ్డానో! "ముందు టిక్కు కావాలన్నావు, ఇప్పుడు వద్దంటావు, నీకు మతి ఉందా పెద్దమ్మా" అంది బాతుల మంద మేపే ఆవిడ. "ఉంది కాబట్టే మార్చమంటున్నాను" అన్నాను. ఇస్త్రీ ఆవిడకి పెట్టె లేదు, డబ్బా లేదు, అయినా నా వెనకే తిరిగి నా తరఫున పోట్లాడింది. మెకానిక్కు అందరివీ మార్చాడు.

ఆ మొదటి రోజు ఎలా గడిచిందో నాకే తెలుసు. ఫోను ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను, చప్పుడు లేదు. లేచి పెట్టె అద్దం ముట్టుకోవడం, వచ్చి కూర్చోవడం, మళ్లీ లేవడం. చెవులు దిబ్బళ్లు పడ్డట్టనిపించింది. చప్పుడు లేకపోతే ప్రాణం పోయినట్టే అనుకునే మనిషిని నేను. బాగుండబట్టే పలకడం లేదని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది. నాతో నేను పోట్లాడితే గెలవడం కష్టమే.

నిన్న మధ్యాహ్నం మళ్లీ కంటి చుక్కలకి ఆస్పత్రికి వెళ్లాను. మీ బావకి సెలవు, తోడొచ్చాడు. వరుసలో కూర్చున్నాం. ఫోను ఒక్కసారి గుక్కపట్టింది! హాలంతా తిరిగి చూసింది. పొద్దుటి నుంచి నోరు విప్పనిది కదా, ఆ కేక గుండెలో దిగింది. నర్సు "అమ్మా, మీ వంతు వచ్చింది" అంటోంది. "నా వంతు ఇంటి దగ్గరొచ్చింది తల్లీ" అని లేచాను. ఇస్త్రీ ఆవిడకి ఫోను చేశాం. మేం వచ్చేసరికి తట్టలు ఆవిడ బల్ల మీదే ఉన్నాయి, గుడ్లు వెచ్చగానే ఉన్నాయి. కరెంటు పోయి వచ్చిందట, కొత్త తీగ స్విచ్చి మళ్లీ మొరాయించింది. ఆ గోలలో మీటర్లూ మోటార్లూ అన్నీ టవరు మీద పడే ఉంటాయి. నా డబ్బా వాటన్నిటినీ దాటుకుని వచ్చింది. నువ్వు తెరిచిన గుమ్మంలోంచి వచ్చింది.

మీ బావ గుడ్డు ఒకటి చేతిలోకి తీసుకుని చెంపకి ఆనించుకున్నాడు. "వెచ్చగా ఉందమ్మా" అన్నాడు. అంతే. పెట్టెల మాట ఎత్తలేదు.

ఇంకా గండం గడవలేదు. రేపో మాపో పగలాలి. పగిలే ముందు బాతుపిల్లలు గుడ్డు లోపలి నుంచే పలుకుతాయి, ఒకదాన్నొకటి లేపుకుంటాయి. నాకు చూపు లేకపోయినా చెవి ఉంది. ఒక్కో గుడ్డూ చెవికి ఆనించి వింటున్నాను. ఇంకా ఒక్కటీ పలకలేదు. మొదటి చలి దెబ్బ తగిలిందేమో.

నీకు ఫోను చెయ్యలేదు, గమనించావా?

మీ అత్త


జూలై 23

అత్తా,

గమనించాను. బాగా గమనించాను.

నీ దగ్గర నుంచి ఫోను లేదు. మొదట హాయిగా ఉంది అనుకున్నాను, నిజం చెబుతున్నాను. తర్వాత ఫోను పనిచేస్తోందా లేదా అని పక్క సీటు అమ్మాయి చేత చేయించి చూసుకున్నాను. భోజనానికి కూర్చుంటే నువ్వు "తిన్నావా" అనలేదని ముద్ద దిగడం లేదు.

ఒంట్లో బాగుందా? కోపమా? గుడ్లు పలికాయా? నేనే చేద్దామనుకుని, పొదిగే పెట్టె దగ్గర చెవి పెట్టి కూర్చుని ఉంటావు, చప్పుడెందుకని ఊరుకున్నాను.

నువ్వు డబ్బావి కావు. ఆ షరతు నీకు పెట్టలేదు. పొద్దున ఒక్కసారైనా "ఉన్నాను" అను.

నీ
పిచ్చుక


జూలై 26

పిచ్చుకా,

ఇవాళ పొద్దున మనం మాట్లాడుకున్నాం, అయినా రాయిస్తున్నాను. ఫోనులో నేను మాట్లాడలేకపోయాను కనుక. మీ అత్తకి నోరు పడిపోయిన రోజు ఇదొక్కటేనని టైలరమ్మ రాస్తానంటోంది. రాయవే, రాయి.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. ముద్ద దిగడం లేదట! రెండోసారి చదివించుకుని మరీ నవ్వాను. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. చుక్కల మందు మండిందిలే.

రాత్రి పడుకోబోయే ముందు తట్ట మీద చెవి పెడితే ఒకటి "పీ" అంది. నా భ్రమేమో అనుకున్నాను. తెల్లారి లేచి అద్దం తీసేసరికి వినాలి! ఒకటి అందుకుంది, దాని పక్కది అందుకుంది, తట్టంతా అందుకుంది. పెంకులు టపటపా పగులుతున్నాయి. మీ బావ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మెట్లు దిగొచ్చాడు. టైలరమ్మ వచ్చింది, ఇస్త్రీ ఆవిడ "నా పిల్లలేవీ" అంటూ వచ్చింది. కొన్ని గుడ్లు పలకలేదు, వాటిని విడిగా పెట్టాను, అబద్ధం చెప్పను. మిగిలినవన్నీ, తట్టలు నిండా, తడి ఈకలతో నా చేతుల మీద పొర్లుతున్నాయి. ఎన్నో నాకు కనపడవు, లెక్క నాకెందుకు. నా వేళ్లన్నిటినీ ఒకేసారి పొడుస్తున్నాయి.

మీ బావ చాలాసేపు చూశాడు. "వచ్చే విడత గుడ్లు ఎప్పుడు పెడతావమ్మా" అని అడిగి, జవాబు వినకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. నా ప్రాణం లేచొచ్చింది. పెట్టెలు ఎక్కడికీ పోవడం లేదే!

అప్పుడు నీకు ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తావు. మోత పూర్తిగా మోగను కూడా లేదు. "అత్తా, ఏమైంది" అన్నావు. ఫోను తీసుకెళ్లి తట్ట మీద పెట్టాను.

విన్నావు కదూ? అన్నీ ఒక్కసారి అరిచాయి. ఒక్కదాన్నీ నేను ఆగమనలేదు.

తిన్నావా?

మీ అత్త